పెట్టెలోకి ఎక్కిన మోరి

మా అక్క కొడుకు బాండు పెట్టాడని తెలిసినప్పుడు మావారు అడిగిన మొదటి ప్రశ్న, "ముహూర్తానికి ఎంత పుచ్చుకుంటారట?" అని. ఆయన్నని లాభం లేదు లెండి. బాండు అంటే మన కళ్ళ ముందు మెదిలేవి ఎర్రకోట్లూ, జలతారు టోపీలూ, ఊరేగింపు ముందు బుగ్గలు పూరించి ఊదే క్లారినెట్లూను. మావాడి బాండు ఆ బాపతు కాదు. అందులో క్లారినెట్టు లేదు, డ్రమ్ము లేదు, ఆఖరికి పాడే మనిషి కూడా లేడు. ఉన్నది నలుగురు కుర్రాళ్ళు. నలుగురూ విశాఖపట్నంలో పగలంతా కంప్యూటర్ల ముందు కూర్చుని జీతాలు తెచ్చుకునేవాళ్ళే. శనివారం సాయంత్రం అయ్యేసరికి ఓ అద్దె గదిలో చేరి, తాము పుట్టక ముందు తయారైన సింథసైజర్లని ముందేసుకుని, ఆదివారం రాత్రి దాకా వాటి మీటలు నొక్కుతూ, నాబులు తిప్పుతూ కూర్చుంటారు. వచ్చే శబ్దాన్ని ప్రయోగాత్మక సంగీతం అంటారుట. పక్కింటివాళ్ళు ఏమంటారో మాత్రం మావాడు చెప్పడు.

మా అక్క బాధ వేరు. "కొత్తది సగం ధరకి వస్తుందిటే! అది వద్దని, నలభై ఏళ్ళ నాటి పాత సామానుకి రెట్టింపు పోశాడు. వీడికి పిల్లనెవరిస్తారే?" అని ఫోనులో ఒకటే గోల.

నిజం చెప్పొద్దూ, ఈ పాతవాటి మీద మోజు మనకి బొత్తిగా అర్థం కానిదేమీ కాదు. అమ్మమ్మ నాటి రాచ్చిప్ప పగిలితే ఏడ్చిన వాళ్ళం. పులుసు స్టీలు గిన్నెలోనూ మరుగుతుంది, కాని రాచ్చిప్పలో మరిగిన పులుసు రుచి ఎక్కడికి పోతుంది? మావాడు చెప్పేదీ అదే. ఇప్పటి కంప్యూటర్లో ఏ శబ్దం కావాలన్నా దొరుకుతుందిట. కాని పాత యంత్రానికి ఓ తత్వం ఉంటుందిట. ఎండ కాస్తే ఒకలాగా, చలేస్తే ఒకలాగా పలుకుతుందిట. "మీ బాబాయిగారి మోకాలి లాగన్నమాట" అన్నాను. మావారు పేపరు చాటునించి ఓసారి చూసి ఊరుకున్నారు.

మాది కొయ్యూరు. అల్లూరి సీతారామరాజు గారిని 1924 మే 7న కాల్చి చంపింది ఇక్కడే. ఆయన పట్టుబడిన మంప కూడా మా మండలమే. 2022 ఏప్రిల్‌లో ఆయన పేరిట పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చేదాకా మేమూ విశాఖ జిల్లా వాళ్ళమే. మావారి బడి ఉద్యోగం కొద్దీ ఇక్కడికి వచ్చి, ఉద్యోగం అయిపోయినా కదలబుద్ధి పుట్టక అద్దె ఇంట్లోనే ఉండిపోయాం. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు కనక, సొంత ఇల్లు కట్టలేదని మావారిని సాధించే భాగ్యం నాకు లేకుండా పోయింది.

అలాంటి మా ఊరికి సంక్రాంతి సెలవుల్లో దిగాడు మావాడు, భుజాన ఓ పొడుగాటి సంచీతో. అందులోంచి బయటికి తీసింది బూడిదరంగు ప్లాస్టిక్కు పెట్టె. పేరు రోలాండ్ ఎస్‌హెచ్-101. జపానులో 1982లో పుట్టింది. హార్మోనియం మెట్ల లాంటి మెట్లు ముప్పై రెండు. వాటి పైన వరుసగా జారుడు మీటలు, పచ్చళ్ళ జాడీల మూతల్లా చిన్నచిన్న నాబులు. ఎన్ని మెట్లు కలిపి నొక్కినా ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. "ఇన్ని మెట్లు పెట్టి ఒక్క స్వరమేనా?" అంటే, "నీ సన్నాయి మాత్రం ఒకేసారి రెండు పలుకుతుందా పిన్నీ?" అన్నాడు. అదీ నిజమే.

అది పలికే విధం నాకు అర్థమయ్యేటట్టు చెప్పమంటే వంటింటి భాషలోకి దిగాడు. లోపల కరెంటు ఒక లెక్కన కంపిస్తుంది. ఆ కంపనమే ముడి శబ్దం, జల్లించని పిండి లాంటిది, గరుగ్గా ఉంటుంది. తరవాతది ఫిల్టరు, అంటే జల్లెడ. మీట కిందికి దించితే జల్లెడ కన్నాలు మూసుకుపోయి, దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు మెత్తగా వస్తుంది. పైకి తోస్తే కన్నాలు పెద్దవై కీచుమంటుంది. ఆ పైన, స్వరం పోపు వేసినట్టు ఒక్కసారి చిటపటమని ఆరిపోవాలా, పాలు పొంగినట్టు నెమ్మదిగా లేవాలా అన్నది ఇంకో నాలుగు మీటల పని. ఇంతే. తక్కినదంతా చేతివాటం.

ఆ సాయంత్రం మా కొయ్యూరు ఆనవాయితీ ప్రకారం కరెంటు పోయింది. ఇక ఈ సంగీతం నోరు మూతపడిందని మావారు సంతోషించేలోపలే, మావాడు పెట్టె వెనక మూత తీసి ఆరు బ్యాటరీ సెల్లులు దూర్చాడు. పెట్టె మళ్ళీ గొంతు విప్పింది. టార్చిలైటు లాగా సెల్లులతో పాడే వాయిద్యాన్ని నేను అదే చూడడం. ఏజెన్సీకి పనికొచ్చే యంత్రం అనుకున్నాను.

కాని మనసులో ఉన్న మాట అడగకుండా ఉండలేను కదా. పెళ్ళికి ముందు ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్నదాన్ని. "అన్నీ బాగానే ఉన్నాయి గాని, దీనికి గమకం పలుకుతుందా?" అన్నాను.

ఈ ప్రశ్న నాతో మొదలైంది కాదు. మన హార్మోనియం మీద పడ్డ నింద ఇదే. దాని మెట్లు గట్టిగా బిగించినట్టు ఉంటాయి, స్వరానికీ స్వరానికీ మధ్య జారడానికి చోటు లేదు, మన సంగీతానికి అది పనికి రాదు అన్నారు పెద్దలు. 1940లో రేడియోలో హార్మోనియం మోగకుండా నిషేధం పెట్టారు. 1971లో గాని దాన్ని సడలించలేదు. ముప్పై ఏళ్ళు! మరి ఇంటింటా భజనల్లో, నాటకాల్లో, మన సంగీతం మాస్టార్ల దగ్గర అది మోగుతూనే ఉంది.

మావాడు నా ప్రశ్నకి జవాబుగా ఓ బొంబాయి పెద్దమనిషి కథ చెప్పాడు. ఆయన పేరు చరణ్‌జిత్ సింగ్. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారూ, కీబోర్డులూ వాయించేవారు. శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్ లాంటి వాళ్ళ దగ్గర పని చేశారు. ఆ పాటలు మనం వంట చేస్తూ ఎన్నిసార్లు కూనిరాగం తీశామో! పాడినవాళ్ళు తెలుసు, తెర మీద పెదవులాడించినవాళ్ళు తెలుసు. వెనక వాయించినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం.

1982 నాటికి ఏ సినిమా చూసినా డిస్కోయే. ఆయన దగ్గర అప్పుడు మూడు రోలాండ్ యంత్రాలు ఉండేవి. రాగం పలికించడానికి జూపిటర్-8, దరువు వేయడానికి టీఆర్-808, కింద మంద్రంలో గునగునలాడడానికి టీబీ-303. తబలా తీసేసి ఈ డిస్కో దరువు మీద మన రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందని ఆయనకి తోచింది. పది రాగాలు వాయించారు. పేరు కూడా అదే పెట్టారు: 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. హెచ్ఎంవీ వాళ్ళు రికార్డు వేశారు.

మావాడు తన ఫోనులోంచి వినిపిస్తుంటే నేను వేళ్ళు మడిచి లెక్క పెట్టాను. హిందుస్తానీ పేర్లు చూసి బెదరక్కర్లేదు. భైరవ్ మన మాయామాళవగౌళ, మనందరం సరళీ స్వరాలు దిద్దుకున్నదే. భూపాలి మన మోహన, యమన్ మన కల్యాణి. మాల్‌కౌన్స్ అంటే హిందోళం, కళావతి అంటే వలజి, బైరాగి అంటే రేవతి. తోడి అని ఉందని మన తోడి అనుకునేరు. వాళ్ళ తోడి మన శుభపంతువరాళికి చుట్టం. అన్ని రాగాల కిందా గుండె కొట్టుకున్నట్టు ఆగకుండా ఒకటే దరువు. దాని మీద, నమ్మండి నమ్మకపోండి, స్వరాలు జారుతున్నాయి! మన లక్షణ గ్రంథాల్లో జారు అంటారే, అదే. ఆ టీబీ-303లో ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారేటట్టు పెట్టుకునే ఏర్పాటు ఉందిట. జూపిటర్‌లోనూ ఉందిట. అలాగని అది వీణ అయిపోదు. కంపితమూ, స్ఫురితమూ, వీణ మీద తీగ లాగి పట్టుకునే ఆ నిండుదనమూ దానికి రావు. కాని ఎంతో కొంత జారనిచ్చింది. తక్కినది ఆ మనిషి వేళ్ళల్లో ఉన్న ముప్పావు జీవితం.

ఆ రికార్డు ఎవరూ కొనలేదు. టీబీ-303 కూడా అంతే. ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టుకి తోడుగా ఉంటుందని చేశారుట. సరిగ్గా గిటారు లాగా పలకలేదని జనం మొహం చాటు చేశారు. 1984లో తయారీ మానేశారు. ఆ పెట్టెలు తుక్కు ధరకి పాత సామాన్ల దుకాణాలు చేరాయి. డబ్బులేని కుర్రాళ్ళు వాటిని కొనుక్కున్నారు. షికాగోలో ముగ్గురు కుర్రాళ్ళు ఆ ఫిల్టరు నాబుని ఎడాపెడా తిప్పి, 'ఫ్యూచర్' అనే పేరు మీద 1987లో 'యాసిడ్ ట్రాక్స్' అని ఓ రికార్డు వేశారు. కుర్రకారుని రాత్రంతా ఆడించే కొత్త సంగీతం దానితో మొదలైందన్నారు. ఇప్పుడు అదే పెట్టె కావాలంటే వేల డాలర్లు పొయ్యాలి. మావాడికి కావలసిందీ అదే, కాని కొనలేక దాని నకలు కొనుక్కున్నాడు. ఈ సంగతి మా అక్కకి చెప్పకండి.

2002లో ఎడో బౌమన్ అనే డచ్చి ఆయనకి ఢిల్లీలో చరణ్‌జిత్ సింగ్ రికార్డు దొరికింది. 2010లో దాన్ని మళ్ళీ వేస్తే లోకం నోరు వెళ్ళబెట్టింది. షికాగో వాళ్ళకి అయిదేళ్ళ ముందు బొంబాయిలో ఇలాంటిది ఎలా పుట్టిందని కొందరు నమ్మనే లేదు, ఎవరో చేసిన దొంగ రికార్డు అన్నారు. ఆయన డెబ్భై దాటిన వయసులో యూరప్ వెళ్ళి వేదికలెక్కి ఆ రాగాలే వాయించారు. 2015 జూలైలో పోయారు. పేరు రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. వచ్చింది కనక సరిపోయింది.

మన దేశంలో సింథసైజరు కథ ఆయనకంటే ముందుది కూడాను. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే, అమెరికా నుంచి మూగ్ సింథసైజరు తెప్పించి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడి సాయంతో స్టూడియో పెట్టారు. అక్కడ స్వరాలు కూర్చినవాళ్ళలో గీతా సారాభాయి ఒకరు. ఈవిడ 1946లో న్యూయార్కు వెళ్ళి, జాన్ కేజ్ అనే స్వరకర్తకి మన సంగీతం నేర్పి, బదులుగా ఆయన దగ్గర వాళ్ళ సంగీతం నేర్చుకున్నారు. అక్కడ చేసిన టేపులు 1972 తరవాత బీరువాలు చేరాయి. 2017లో పాల్ పర్గస్ అనే ఆయన వెతికి బయటికి తీసేదాకా వాటి ఊసెత్తినవాళ్ళు లేరు. మన ఇళ్ళల్లో అటక మీద ఏమేం ఉన్నాయో ఓసారి చూసుకోవడం మంచిది సుమండీ.

ఇంతకీ మావాడు కొయ్యూరు వచ్చింది నన్ను చూడ్డానికి కాదని రెండో రోజున తెలిసింది. వాడికి మోరి కావాలి. మోరి అంటే సన్నాయికి చుట్టం. ధింసా ఆటలో డప్పూ, తుడుమూ, కిరిడీ, జోడుకొమ్ములూ మోగుతుంటే వాటి మీదుగా తేలి వచ్చే గొంతు దానిదే. ఆడవాళ్ళు ఒకరి వీపు వెనకనించి ఒకరు చేతులు పెనవేసుకుని, కొండదారి వంపులు తిరిగినట్టు తిరుగుతూ ఆడతారు. ఆ అడుగుని నడిపించేది మోరి.

నాకు తెలిసిన మోరి తాత ఒకరున్నారు. పైనున్న గూడెం నుంచి సంతకి వచ్చినప్పుడల్లా అడ్డాకులు మాకిచ్చి, కాస్త టీ తాగి వెళతారు. సంతనాడు ఆయన్ని కూర్చోబెట్టి సంగతి చెప్పాను. తువ్వాల్లో చుట్టిన మోరి తీసి, మా వీధి అరుగు మీద కూర్చుని ఊదాడు. ఎప్పుడు ఊపిరి తీస్తున్నాడో తెలియదు, గొంతు మాత్రం ఆగదు. మావాడు ఫోనులో పట్టుకుని, కంప్యూటరులోకి ఎక్కించి, అందులో ఓ ముక్కని మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చేటట్టు చేశాడు. దానికింద ఎస్‌హెచ్-101తో మంద్రస్వరం పడదామంటే శ్రుతి కలవలేదు. మోరి కన్నాలు కీబోర్డు లెక్కకి వేసినవి కావు మరి. చివరికి యంత్రం నాబు తిప్పి దాన్నే తాత శ్రుతికి దించాల్సి వచ్చింది. అప్పటికి కలిసింది. ఒళ్ళు జలదరించింది.

తాత తల వంచి విన్నాడు. "బాగున్నాది బాబూ" అన్నాడు. కాసేపాగి మెల్లిగా, "పెట్టిలోకి ఎక్కిపోనాది గదా. ఇంక నన్నెవులు పిలుత్తారు?" అన్నాడు.

మావాడి దగ్గర జవాబు లేదు. గూడేల్లో ఇప్పుడు ఇటుకల పండక్కి కూడా ట్రాక్టరు మీద డీజే పెట్టెలు వస్తున్నాయి. తుడుము కొట్టేవాళ్ళు పక్కన నిలబడి చూస్తున్నారు. పట్నంలో మాత్రం ఏమైంది? ఒకప్పుడు ఒక పాటకి నలభై మంది ఫిడేళ్ళు పట్టుకుని కూర్చునేవారు. 1980ల్లో కీబోర్డు వచ్చాక నలభై ఫిడేళ్ళూ ఒక్కడి వేళ్ళ కిందికి వచ్చాయి. ఆ ముప్పై తొమ్మిది మంది ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఏ రికార్డు అట్ట మీదా రాయలేదు. చరణ్‌జిత్ సింగ్ కథ ఎంతో సరదాగా చెప్పాడు మావాడు. ఆ కథలో ఆయన ఎవరో, ఈ అరుగు మీద కూర్చున్న తాత ఎవరో నాకు వేరుగా కనపడలేదు.

"ఒరేయ్ నాన్నా! నీ పాటలో ఈయన పేరు ఎక్కడ వేస్తావు?" అన్నాను.

"ధింసా శాంపిల్ అని వేస్తాం పిన్నీ" అన్నాడు.

"శాంపిల్ ఏమిటిరా, సంతలో బెల్లం ముక్కా?" అన్నాను. తాత పకపకా నవ్వాడు.

మావాడు మంచివాడే. ఆలోచించాడు. కీబోర్డుతో పేరు తెచ్చుకున్న ఏ.ఆర్. రహమాన్ సంగతి గుర్తుచేశాను. ఆయన మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారే. 1992లో 'రోజా'తో సంగీత దర్శకుడయ్యాక, వాయించినవాళ్ళ పేర్లు క్యాసెట్ల అట్టల మీద అచ్చువేయించే అలవాటు పెట్టారు. వేయిస్తే తరిగిపోయిందేముంది? రాత్రి మావాడు స్నేహితులతో ఫోనులో గంటసేపు మాట్లాడాడు. పొద్దున్న కాఫీలయ్యాక ఒప్పందం రాశాం. బాండులో నలుగురు కనక వచ్చినదాంట్లో నాలుగు వాటాలు అనుకున్నది అయిదయ్యాయి. అయిదోది తాతది. ఆయన పేరూ, గూడెం పేరూ రికార్డు మీద వేయాలి. వేదిక మీద ఈ పాట వాయించినప్పుడల్లా ముందు ఆయన్ని పిలవాలి. దారిఖర్చులూ, పుచ్చుకోవలసిన కూలీ వేరే. ఆయన రానంటేనే పెట్టెలోది వాడుకోవాలి. మావారు ఎర్ర పెన్నుతో రెండు అక్షరదోషాలు దిద్దారు. ఆశ్రమ పాఠశాలలో చదువుకునే మనవరాలు చదివి వినిపించాక తాత వేలిముద్ర వేయనని, నేర్చుకున్న సంతకమే పెట్టాడు.

పాట ఇంటర్నెట్‌లో విడుదలయింది. తాత ఒకసారి విశాఖపట్నం వెళ్ళి వాళ్ళ పక్కన కుర్చీలో కూర్చుని వాయించి వచ్చాడు. మొదటి లెక్కలు చూస్తే తలా నాలుగు వందల చిల్లర వచ్చింది. మావాడు సిగ్గుపడ్డాడు. తాత పడలేదు, నోట్లు లెక్క చూసుకుని మొలలో దోపుకున్నాడు. ఆ తరవాత మరో గూడెంలో పెళ్ళివారు, పట్నం వెళ్ళి వచ్చిన మోరి కదా అని డీజేతో పాటు ఆయన్నీ పిలిచారుట. డీజేని మానేసి కాదు, దానితో పాటే. ఇప్పటికి అంతే అయింది.

పోయిన సంతకి మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోనులో పాట కింద పేర్లు ఎలా వేశారో చూపించమన్నాడు. ఆ పిల్ల వేలు పెట్టి గట్టిగా చదివింది. ముందు తాత పేరు, గూడెం పేరు, తరవాత కుర్రాళ్ళ పేర్లు, అన్నిటికంటే కింద 'రోలాండ్ ఎస్‌హెచ్-101' అని. తాత అన్నీ విని తల పంకించి, చివరి పేరు దగ్గర ఆగిపోయాడు.

"ఈ రోలాండెవులమ్మా? ఆడినెప్పుడూ సూణ్ణేదు. ఆడికీ వాటా ఇచ్చినారా, లేదా?" అన్నాడు.